వసుంధర మేడం పిలిచిన పేర్లు

పొద్దుటి డ్యూటీలో టెర్మినల్ తలుపు దాటి విమానాలు ఆగే చోటికి అడుగు పెట్టగానే ముందుగా తగిలేది కిరసనాయిలు వాసన. జెట్ విమానంలో పోసే ఇంధనం దాదాపు కిరసనాయిలే. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ముక్కు అలవాటు పడిపోయి చాలా రోజులు ఆ వాసన తెలియనే తెలియదు. వాన వెలిసిన పొద్దున మాత్రం, గాలి బరువుగా నేలను పట్టుకుని ఉన్నప్పుడు, ఒక్కసారిగా గుప్పుమంటుంది. మొన్న అలాగే అయింది. చేతిలో వాకీటాకీ ఏదో అంటూనే ఉంది, నేను మాత్రం ఎన్నో ఏళ్ళ వెనక, దిల్‌సుఖ్‌నగర్ బస్టాపులో నిలబడి ఉన్నాను. కిక్కిరిసిన సిటీ బస్సు వంగుతూ వచ్చి ఆగింది. అందులోంచి నీలం అంచు చీర కట్టుకున్న ఒక పొడవాటి మనిషి, జడ ముడి చెదరకుండా, గొడుగు మడత విప్పుకుంటూ దిగింది. ఆమె పక్కనుంచి నడిచి వెళ్తే పౌడరు వాసనతో కలిసి కిరసనాయిలు వాసన వచ్చేది. మా అమ్మ మొదట్లో, పాపం మేడం ఇంట్లో గ్యాసు లేదేమో, ఇంకా స్టవ్వు మీదే వండుకుంటుందేమో అనుకుంది.

ఆమె పేరు వసుంధర. బేగంపేట విమానాశ్రయంలో పనిచేసేది. మా కాలనీలో అందరూ విమానం మేడం అనేవాళ్ళు.

కాలనీ అంటే అప్పటికి కాలనీ అనడానికి ఏమీ లేదు. దిల్‌సుఖ్‌నగర్ దాటి ఎల్బీనగర్ వైపు వెళ్తుంటే ద్రాక్షతోటలు ఉండేవి. ఒక్కో తోటా తీగలు పీకేసి, పందిరి మోసే రాతి కడీలు తీసేసి, సున్నంతో గీతలు గీసి ప్లాట్లయిపోతున్న రోజులు. ఎక్కడ చూసినా సగం లేచిన గోడలు, పైకప్పు మీద రేపటి అంతస్తు కోసం వదిలిన ఇనుప చువ్వలు, ఇసుక కుప్పల మీద ఆడుకునే పిల్లలు. మా నాయిన యాదయ్య సెంట్రింగ్ మేస్త్రి. స్లాబు పోయడానికి కింద చెక్కలూ బొంగులూ నిలబెట్టే పని. నల్లగొండ జిల్లాలోని మా ఊరి నుంచి అమ్మనూ నన్నూ తీసుకుని వచ్చి, కట్టే ఇళ్ళ మధ్యే ఒక రేకుల గది కిరాయికి తీసుకున్నాడు. వసుంధర మేడం ఇంటి స్లాబుకు సెంట్రింగ్ కొట్టింది ఆయనే. అప్పుడు నేను మలక్‌పేటలో ఇంటర్మీడియట్ చదువుతున్నాను.

స్లాబు పోసిన రోజు ఆమె చేసిన పని నాయిన చాలాకాలం చెప్పుకున్నాడు. ఎండలో చెమటతో తడిసి ముద్దయి కిందికి దిగితే ఆమె స్టీలు గ్లాసులో మజ్జిగ తెచ్చి, "యాదయ్య గారూ, కాస్త కూర్చోండి. నీడలోకి రండి" అంది. అప్పటిదాకా మా నాయినను పేరు చివర గారు చేర్చి పిలిచిన మనిషి లేడు. ఆయన గ్లాసు పట్టుకుని నిలబడిపోయాడట. ఇంటికొచ్చి అమ్మతో, "సత్తెమ్మా, గామె నన్ను గారు అన్నది. మజాక్ జేస్తుందేమో అనుకొని మొకం జూసిన. మజాక్ గాదు" అన్నాడు.

ఆమెకు అది అలవాటు. తర్వాత నాతో చెప్పింది: "విమానంలో పనిచేసేవాళ్ళకి లోపలికొచ్చిన ప్రతివాళ్ళూ ఒక్కటేనమ్మా. ఒకసారి తలుపు మూశాక మంత్రైనా మేస్త్రైనా అందరూ ఒకే గాలి పీల్చాలి."

ఆమెది బందరు దగ్గర ఒక పల్లె. ఇంగ్లీషు బాగా వచ్చని, ధైర్యం ఉందని వాళ్ళ మేనమామ ప్రోత్సహిస్తే, పెళ్ళి కాకముందు ఎయిర్‌హోస్టెస్‌గా చేరింది. అవి ప్రొపెల్లర్ల విమానాల రోజులు. ఆ రోజుల గురించి ఆమె చెబుతుంటే నేను చదువు పక్కన పెట్టి వినేదాన్ని. అప్పటి విమానాలు ఇప్పటిలా మబ్బుల మీదికి ఎక్కేవి కావు. లోపలి గాలిని కింద ఉన్నట్టే బిగించి ఉంచే ఏర్పాటు వాటికి లేదు. అందుకని తక్కువ ఎత్తులో, మబ్బుల్లో పడి, వానలో తడుస్తూ వెళ్ళేవి. ఎక్కగానే ఆమె ఒక పళ్ళెంలో పిప్పరమెంట్లూ దూదీ పట్టుకుని వరసలు తిరిగేది. పిప్పరమెంటు చప్పరిస్తే చెవుల దిబ్బడ వదులుతుంది, దూది పెట్టుకుంటే ఇంజన్ల హోరు తగ్గుతుంది. వానాకాలం సగం మంది వాంతులు చేసుకునేవాళ్ళు. వాళ్ళ నుదురు పట్టుకోవడమే సగం ఉద్యోగం అనేది. "నిలబడి కాఫీ పోస్తుంటే విమానం ఒక్కసారి జారేది. కాఫీ గాల్లోనే ఉండేది, కప్పు కిందికి పోయేది" అని నవ్వేది. తర్వాత గాలి బిగించిన విమానాలొచ్చాయి, ఆ తర్వాత జెట్లు వచ్చాయి. జెట్లు వచ్చేనాటికి ఆమె నేల మీదికి వచ్చేసింది. పెళ్ళి చేసుకుంటే ఎయిర్‌హోస్టెస్ ఉద్యోగం వదులుకోవాలన్నది అప్పటి నియమం.

పెళ్ళి చేసుకున్నది అదే విమాన సంస్థలో ఉన్న రేడియో ఆఫీసరును. అప్పట్లో విమానంలో పైలట్లతో పాటు, చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని కింది స్టేషన్లతో మాట్లాడటానికే ఒక మనిషి ఉండేవాడు. ఒక వానాకాలం, సరుకులు మోసుకెళ్తున్న విమానం మబ్బుల్లో దారి తప్పి కొండను తాకింది. అందులో ఆయన ఉన్నాడు. పెళ్ళయి ఎంతోకాలం కాలేదు. పిల్లలు లేరు. ఆ తర్వాత ఆమెకు విమానాశ్రయంలో నేల మీద ఉద్యోగం ఇచ్చారు. ప్రయాణికులకు దారి చూపడం, మైకులో విమానాల వేళలు చెప్పడం. ఈ సంగతి ఆమె నాకు ఒకసారి, బియ్యం ఏరుతూ, తల ఎత్తకుండా చెప్పింది. ఆ తర్వాత చాలాకాలం ఆ మాట ఎత్తలేదు. నేనూ అడగలేదు.

గల్ఫ్ దేశాలకు జనం విరగబడి పోతున్న కాలం అది. మా వైపు పల్లెల నుంచి తాపీ మేస్త్రులు, మలక్‌పేట గల్లీల నుంచి దర్జీలు, డ్రైవర్లు, అందరూ బొంబాయి మీదుగా వెళ్ళేవాళ్ళు. ఒక రోజు డ్యూటీ నుంచి వచ్చిన మేడం మొహం చూసి అమ్మ, "ఏంది మేడం, పానం బాగలేదా?" అని అడిగింది. ఆమె అరుగు మీద కూర్చుండిపోయింది.

ఆ రోజు జరిగింది ఇది. బొంబాయి విమానం ఎక్కాల్సిన ఒక మనిషి రాలేదు. ఆమె మైకులో అతని పేరు మళ్ళీ మళ్ళీ పిలిచింది. ఇంగ్లీషులో ఒకసారి, హిందీలో ఒకసారి. విమానం వెళ్ళిపోయింది. కాసేపటికి చూస్తే, ఆమె బల్లకు ఎదురుగానే బెంచీ మీద, ఒళ్ళో మూట పెట్టుకుని ఒకాయన కూర్చుని ఉన్నాడు. అతనే. టికెట్టు మీద పేరూ ఇంటిపేరూ కలిసిపోయి, ఇంగ్లీషు అక్షరాలు అటూ ఇటూ అయి ఉంటే ఆమె ఉన్నది ఉన్నట్టు చదివింది. అతను విన్నాడు. ఎవరో పెద్దమనిషి పేరు అనుకున్నాడు.

"నా కళ్ళెదురుగా కూర్చున్నాడు సత్తెమ్మా. నేను పిలుస్తూనే ఉన్నాను. తన పేరని ఆయనకి తెలియలేదు. బొంబాయిలో ఎక్కాల్సిన గల్ఫ్ విమానం కూడా పోయింది. ఆయన నా కాళ్ళు పట్టుకున్నాడు! నా తప్పుకి!"

మర్నాటి నుంచి ఆమె మైకులో తెలుగులో కూడా చెప్పడం మొదలుపెట్టింది. పైవాళ్ళు ఎందుకలా అని అడిగితే, వినేవాళ్ళకి అర్థం కావాలి కదండీ అందట. కొన్నాళ్ళు సణిగి ఊరుకున్నారు. అంతటితో ఆగలేదు. ఆదివారం పూట తన ఇంటి వరండాలో కుర్చీలు వరసగా వేసి, మధ్యలో దారి వదిలి, గల్ఫ్ వెళ్ళబోయేవాళ్ళను పిలిచి కూర్చోబెట్టింది. పాత విమానంలోంచి తీసేసిన సీటు బెల్టు ఒకటి ఆమె దగ్గర ఉండేది. దాన్ని కుర్చీకి కట్టి ఒక్కొక్కరి చేతా పెట్టించి, తీయించేది. చెవులు దిబ్బడేస్తే గుటక వేయమనేది. పాయిఖానా తలుపు లోపల గడియ వేస్తేనే దీపం వెలుగుతుందని చెప్పేది. కూర్చోగానే వెనక్కి తిరిగి తలుపు ఎక్కడుందో చూసుకోమనేది. అన్నిటికంటే ఎక్కువసేపు నేర్పింది నీళ్ళు అడగడం. వాళ్ళలో చాలామంది విమానం ఎక్కి దిగేదాకా గొంతు ఎండిపోయినా అడగరని ఆమెకు తెలుసు.

"బతిమాలొద్దు, దబాయించొద్దు. మామూలుగా అడగండి. నీళ్ళు కావాలి. అంతే. ఏదీ, చెప్పండి."

ఒక పెద్ద మీసాల మేస్త్రి తల గోక్కుంటూ, "గంత పెద్ద విమానంల నడుమ పిలిస్తే నీళ్ళిచ్చే ఆమెకు కోపమొస్తదేమో మేడం" అన్నాడు.

"రాదు. నేను చెబుతున్నా కదా. అది ఆవిడ పని. మీరు అడగకపోతేనే ఆవిడకి పని లేనట్టు."

అందరూ నవ్వారు. ఆ వరండాలో అలాంటి నవ్వు తరచుగా వినిపించేది. గోడ అవతల మా గదిలోకి కూడా వచ్చేది. మా నాయిన మొదట నన్ను తీసుకెళ్ళే వంకతో వచ్చి నిలబడేవాడు. తర్వాత కుర్చీలో కూర్చున్నాడు. ఆయనకూ వీసా వచ్చింది. అక్కడ కొత్తగా విమానాశ్రయం కడుతున్నారట, పెద్ద పెద్ద స్లాబులట, సెంట్రింగ్ తెలిసినవాళ్ళు కావాలట. అమ్మ వద్దనలేదు, సరే అనలేదు. మూట సర్దింది.

ఆయన వెళ్ళిన పొద్దున మేడం డ్యూటీలోనే ఉంది. అమ్మా, నేనూ, నాయిన తమ్ముడు చిన్నాయనా అద్దాల ఇవతల నిలబడ్డాం. మైకులో ఆమె గొంతు వినిపించింది. చివర్లో అందరి కోసమూ చెప్పినట్టే, అదే గొంతుతో, "యాదయ్య గారూ, మీ విమానం సిద్ధంగా ఉంది" అంది. అద్దాల అవతల నాయిన తల ఎత్తి చుట్టూ చూశాడు. మెడ నిక్కించి నడిచాడు. ఆ నడక నాకు ఇంకా కనిపిస్తుంది.

కొన్నాళ్ళకు ఊరివాళ్ళ చేత ఒక క్యాసెట్ పంపాడు. అప్పుడు చాలామంది అలాగే మాటలు రికార్డు చేసి పంపేవాళ్ళు. మా ఇంట్లో టేప్‌రికార్డర్ లేదు. మేడం ఇంట్లో, ఆమె పక్కనే కూర్చుని విన్నాం. ముందు గరగరలు, ఎవరో దగ్గడం, తర్వాత నాయిన గొంతు. అమ్మ బాగోగులు అడిగాడు, నా చదువు అడిగాడు. ఆపైన, "మేడమ్‌కు చెప్పుండ్రి. విమానంల నేను నీళ్ళు అడిగిన. రెండుసార్లు అడిగిన. నా పక్కపొంటి కూసున్నోడు అడగనీకె భయపడుతుంటే ఆనికి గూడ నేనే అడిగిన" అన్నాడు. మేడం కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని నవ్వింది. మళ్ళీ వెనక్కి తిప్పి ఆ ముక్క ఇంకోసారి విన్నది.

రెండో ఎండాకాలం ఆయన చనిపోయాడు. పని నుంచి వచ్చి పడుకున్నవాడు లేవలేదని, గుండె ఆగిందని చెప్పారు. అంతకు మించి మాకు ఎవరూ ఏమీ చెప్పలేదు. ఈ రోజుకీ నాకు తెలిసింది అంతే.

శవం రావడానికి చాలా రోజులు పట్టింది. ఆ రోజులన్నీ అమ్మ ఏడవలేదు. వండింది, నీళ్ళ ట్యాంకర్ వస్తే బిందెలు పట్టింది, నన్ను తిట్టింది. ఇంట్లో ఆయన ఇంకా అక్కడ పనిలో ఉన్నట్టే ఉండేది. బొంబాయి నుంచి ఫలానా విమానంలో వస్తున్నాడని మేడమే తెలుసుకుని వచ్చి చెప్పింది. చిన్నాయన, ఊరి పెద్దమనుషులు ఇద్దరు వెళ్ళి తెస్తామన్నారు.

"ఆడోళ్ళు ఎయిర్‌పోర్టు కాడికి ఎందుకు? తీస్కొస్తం గదా. ఇంటికాడ ఉండుండ్రి" అన్నాడు చిన్నాయన.

మేడం గుమ్మంలోనే నిలబడి ఉంది. ఆమె గొంతు పెద్దదవడం నేను విన్నది అప్పుడే. "మా ఆయన్ని తెచ్చినప్పుడు కూడా నాకు ఇదే చెప్పారండీ. ఇంట్లో ఉండమన్నారు. ఉన్నాను. ఏదో పెట్టె తెచ్చి, పొలం గట్టు మీదే అన్నీ కానిచ్చేసి వచ్చారు. ఆయన నిజంగా వచ్చాడో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. యాదయ్య గారిని తీసుకురావడానికి సత్తెమ్మ వస్తుంది. ఈ పిల్లా వస్తుంది. నేను తీసుకొస్తాను."

చిన్నాయన వ్యాన్ మాట్లాడటానికి వెళ్ళాడు.

ప్రయాణికులు వచ్చే తలుపు నుంచి రారు అలా వచ్చేవాళ్ళు. వెనక వైపు సరుకుల షెడ్డు ఉంటుంది. అంతకు ముందు నాకు ఆ సంగతి తెలియదు. ఎత్తైన రేకుల కప్పు కింద మందుల డబ్బాలు, బట్టల బేళ్ళు, కోళ్ళఫారాలకు పంపే కోడిపిల్లల అట్టపెట్టెలు. ఆ పెట్టెలకున్న రంధ్రాల్లోంచి కోడిపిల్లలు ఒకటే కిచకిచ. అమ్మ ఆ అరుపులు వింటూ నిలబడింది. కాసేపటికి నలుగురు హమాలీలు బండి మీద ఒక పొడుగాటి చెక్కపెట్టెను తోసుకుంటూ వచ్చారు. తాళ్ళు కట్టి ఉన్నాయి, మీద అంటించిన కాగితాలున్నాయి. గుమాస్తా ఒకాయన తల ఎత్తకుండానే, "గల్ఫ్ సరుకు ఎవరిది? వచ్చి సంతకం పెట్టుండ్రి" అని అరిచాడు.

మేడం ఆ బల్ల దగ్గరికి వెళ్ళింది. అరవలేదు. "ఆయన పేరు యాదయ్య గారు. ప్రయాణికుడు. ఈ ఊరి నుంచి నేనే పంపాను" అంది. గుమాస్తా ఆమెను గుర్తుపట్టి లేచి నిలబడ్డాడు. ఆమె వెనక్కి వచ్చి, పెట్టె మీద చెయ్యి వేసి, కాస్త వంగింది. మైకులో మాట్లాడే గొంతే, కానీ నెమ్మదిగా, పక్క సీట్లో ఉన్న మనిషికి చెబుతున్నట్టుగా అంది:

"యాదయ్య గారూ, హైదరాబాద్ వచ్చేశారు. మీవాళ్ళు వచ్చారు. సత్తెమ్మ వచ్చింది. అమ్మాయి వచ్చింది."

హమాలీల్లో పెద్దాయన భుజం మీది తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. మిగతావాళ్ళూ బండి వదిలి నిలబడ్డారు. అమ్మ ముందుకు నడిచి, ఆ పెట్టె మీద తల పెట్టి, అన్ని రోజుల తర్వాత ఏడ్చింది. ఎవరూ ఆమెను తొందరపెట్టలేదు. తొందరపెట్టకుండా మేడం అడ్డంగా నిలబడి ఉంది.

విజయవాడ రోడ్డు మీద అబ్దుల్లాపూర్‌మెట్ దాటి మా ఊరిదాకా ఆమె మాతో వ్యాన్‌లో వచ్చింది. అంతా అయ్యేదాకా ఉండి, మర్నాడు బస్సెక్కి వెళ్ళిపోయింది.

మేము తిరిగి పట్నం వచ్చేసరికి ఆమె వరండాలో కుర్చీలు లేవు. ఆదివారం వచ్చినవాళ్ళను గేటు దగ్గరి నుంచే పంపించేస్తోంది. కాలనీలో మాటలు పుట్టాయి. ఆమె నేర్పబట్టే ఇంతమంది పోతున్నారని, యాదయ్య ఉసురు ఆమెకు తగులుతుందని. ఆ మాటలు ఆమె చెవిన పడ్డాయి. ఎవరూ అనకపోయినా ఆమె తనలో తాను అనుకుంటూనే ఉందని ఇప్పుడు అనిపిస్తుంది.

ఒక ఆదివారం అమ్మ నన్ను వెంటబెట్టుకుని వాళ్ళింటికి వెళ్ళింది. లోపలి గదిలో ఒకదాని మీద ఒకటి పెట్టి ఉన్న కుర్చీలను చూసింది.

"ఎందుకు బంద్ జేసిండ్రు మేడం?"

మేడం ఒక కుర్చీ చేతిని కొంగుతో తుడిచింది.

"మీరు జెప్తేనే ఆయన పోయిండనుకుంటున్నరా? గాయన వీసాకు కాయితాలు ఇచ్చినంకనే మీ కాడికి ఒచ్చిండు. పోయెటోళ్ళు ఎట్లైనా పోతరు. నా పెనిమిటి భయపడుకుంట పోలే. దొర లెక్క పోయిండు. గా ధైర్నం మీరిచ్చిందే."  అమ్మ పై కుర్చీని రెండు చేతులతో ఎత్తి వరండాలోకి నడిచింది. మేడం లేచి, రెండో కుర్చీ పట్టుకుంది.

ఆ తర్వాత కూడా పాఠాలు సాగాయి, కానీ ఆమె మారింది. సీటు బెల్టు కంటే ముందు ఒక మాట చెప్పేది. అక్కడ ఒంట్లో బాగాలేకపోతే దాచుకోకండి, గట్టిగా చెప్పండి, పక్కవాడితో చెప్పించండి. నీళ్ళు అడిగినట్టే అడగండి.

అమ్మ కొత్తపేట మార్కెట్లో పళ్ళు ఏరే పనికి పోయింది. నన్ను డిగ్రీ చదివించింది. సాయంత్రాలు నేను మేడం దగ్గరే ఉండేదాన్ని. ఆమె నా ఇంగ్లీషు దిద్దింది, హిందీ దిద్దింది. నా తెలుగును మాత్రం ముట్టుకోలేదు. "నీ మాట నీ దగ్గరే ఉండనీ. మీవాళ్ళు వచ్చినప్పుడు పనికొస్తుంది" అనేది. పేర్ల విషయంలో మాత్రం వదిలేది కాదు. కాగితం మీద పేర్లు రాసి ఇచ్చి నా చేత పలికించేది. నేను గడగడ చెబితే ఆపేది. "చదవొద్దమ్మా, పిలువు. చదివితే కాగితం మాట్లాడుతుంది. పిలిస్తే మనిషి తల ఎత్తుతాడు." విమానాశ్రయంలో ఉద్యోగానికి పిలుపు వచ్చిన రోజు తన నీలం అంచు చీర నాకు కట్టి పంపింది. ఆమె రిటైరయ్యే ముందు కొంతకాలం ఇద్దరం ఒకే మైకు దగ్గర పనిచేశాం.

ఉద్యోగంలో కుదురుకున్నాక ఉద్యోగులకు ఇచ్చే ఉచిత టికెట్టు మీద ఆమెను మద్రాసు తీసుకెళ్ళాను. భర్త పోయాక ఆమె ఎప్పుడూ విమానం ఎక్కలేదు. అన్నేళ్ళు విమానాల మధ్యే ఉండి, బందరుకైనా మద్రాసుకైనా రైల్లోనే వెళ్ళింది. ఎందుకు ఒప్పుకుందో నాకు తెలియదు. కిటికీ పక్కన కూర్చోబెట్టాను. బెల్టు పెట్టుకుంది, వెనక్కి తిరిగి తలుపు చూసుకుంది. జెట్ విమానం నేల వదిలేటప్పుడు కళ్ళు మూసుకుంది. పైకి వెళ్ళాక తెరిచి, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "ఇదేంటి, చప్పుడే లేదు" అంది.

మబ్బులు కిందికి పోయాయి. ఎండ తెల్లగా రెక్క మీద పడుతోంది. ఆమె చాలాసేపు కిందికే చూసింది. మబ్బుల సందుల్లోంచి ఎక్కడో కొండల వరస కనిపించి మాయమైంది.

"మేము వాటి పక్కనుంచి పోయేవాళ్ళం. ఒక్కోసారి చెట్లు కనిపించేవి" అంది. తర్వాత, "ఇంత ఎత్తులో ఉంటే ఏ కొండ తగులుతుంది? ఇప్పుడైతే రాడార్లు కూడా ఉన్నాయి. రేడియో ఆఫీసరే అక్కర్లేదు. ఆయన ఓ పదేళ్ళు ఆలస్యంగా పుట్టి ఉంటే..." అని ఆగిపోయింది.

నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. అమ్మాయి ఒకతె ట్రే పట్టుకుని వచ్చింది. మేడం నీళ్ళు అడిగి తాగింది. గ్లాసు తిరిగి ఇస్తూ ఆ అమ్మాయి పేరు అడిగి, చక్కగా చేస్తున్నావమ్మా అంది. విమానం దిగడం మొదలుపెట్టాక, కిటికీ వైపే చూస్తూ, నాతోనో తనతోనో అంది:

"ఎంతమందికి నేర్పాను! ఎలా ఎక్కాలి, ఎలా కూర్చోవాలి, ఎలా దిగాలి. ఇంటి దగ్గర ఎవరున్నారు నాయనా, వెళ్ళాలనే ఉందా నీకు, అని ఒక్కణ్ణీ అడగలేదు. మీ నాన్నని కూడా."

అడిగినా వెళ్ళేవాడే మేడం అనబోయాను. అమ్మ అలాగే అనేది.  కానీ అడిగితే నాయిన ఏం చెప్పేవాడో నిజంగా నాకు తెలియదు. మేమూ అడగలేదు.

కొన్నేళ్ళకు ఆమె ఆ ఇంట్లోనే, జ్వరం పడి, పెద్దగా ఎవరినీ కష్టపెట్టకుండా వెళ్ళిపోయింది. చివరి రోజుల్లో అమ్మే ఆమె దగ్గర ఉంది.

విమానాశ్రయం బేగంపేట నుంచి శంషాబాద్‌కు మారింది. నేనూ మారాను. ఇప్పుడు మైకులో పేర్లు పిలవరు, అంతా అద్దాల బోర్డుల మీదే. గల్ఫ్‌కు ఇక్కడి నుంచే నేరుగా విమానాలున్నాయి. వెళ్ళేవాళ్ళ చేతుల్లో ఫోన్లున్నాయి, వాళ్ళకు బెల్టు పెట్టుకోవడం ఎవరూ నేర్పక్కర్లేదు. నేను పై అధికారినయ్యాను, కౌంటరులో కూర్చోవాల్సిన పని లేదు. అయినా ఆ విమానాల వేళకు కిందికి వచ్చి కూర్చుంటాను. మొదటిసారి వెళ్తున్నవాళ్ళు మనిషిని చూస్తేనే తెలుస్తారు. పాస్‌పోర్టు అందుకుంటూ ఒక ప్రశ్న అడుగుతాను. వెనక వరసలో ఎవరైనా విసుక్కున్నా అడుగుతాను.

మొన్నటి వాన పొద్దున దేవరకొండ వైపు కుర్రాడు ఒకడు వచ్చాడు. కొత్త చొక్కా మడతలు ఇంకా పోలేదు.

"ఇంట్ల ఎవరెవరుంటరు తమ్మీ?" అన్నాను.

నా మాట విని అతని మొహం విప్పారింది. "అమ్మ ఉంటది మేడం. నా భార్య ఉంటది. బిడ్డ ఉన్నది. మొన్ననే పుట్టింది, ఇంక పేరు పెట్టలే."

"పేరు పెట్టినంక పోవచ్చు గదా?"

నవ్వుదామని చూశాడు, రాలేదు. తల దించుకుని బల్ల అంచును వేలితో రాస్తూ నిలబడ్డాడు. బోర్డింగ్ పాస్ నా చేతిలోనే ఉంది.  అతను చెయ్యి చాచాడు. ఇచ్చాను. రెండడుగులు వేసి వెనక్కి తిరిగి, "ఇంటోళ్ళు ఫోన్ల జెప్తరు మేడం, బిడ్డ పేరు" అన్నాడు. లోపలికి వెళ్ళేదాకా చూశాను.

ఆ పాపకు ఏం పేరు పెట్టారో నాకు తెలియదు. డ్యూటీ దిగి ఇంటికి వెళ్ళే బస్సులో, అప్పుడప్పుడు, ఏం పేరు పెట్టి ఉంటారా అని ఆలోచిస్తుంటాను.